గిటార్ ఎఫెక్ట్స్ పెడల్స్ ఎలా ఎంచుకోవాలి: తొలి పెడల్ నుంచి బోర్డు కట్టేదాకా

ఎలక్ట్రిక్ గిటార్ కొని ఏడాది తిరిగినవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఒక్కటే: "ఏ పెడల్ (కాలితో నొక్కి గిటార్ స్వరాన్ని మార్చే చిన్న పెట్టె) కొనమంటారు?" ఒక మోడల్ పేరు చెప్పేయడం సులువే గానీ, ఆ పేరు అడిగినవాళ్లలో సగం మందికి పనికిరాదు. ఒకే పెడల్ ఒకరి యాంప్‌లో నిండుగా పలుకుతుంది, మరొకరు దాన్ని నేరుగా మిక్సర్‌కి కలిపితే చెవులు కోసేలా పలుకుతుంది. అందుకని మోడళ్ల జోలికి పోకముందే తీసుకోవలసిన నిర్ణయాలను వరుసగా చెబుతున్నాను. వీటిలో మొదటి మూడు అంచెలకు పెద్ద ఖర్చేమీ ఉండదు. వాటిని పూర్తి చేయకుండా దుకాణానికి వెళ్లవద్దని నా గట్టి మనవి.

## 1. ముందు పెడల్ లేకుండా వినండి

తీగలు తుప్పు పట్టిన గిటార్‌కి రివర్బ్ కలిపితే, ఆ తుప్పు పట్టిన స్వరమే హాలంతా వినిపిస్తుంది. కాబట్టి మొదట కొత్త తీగలు వేయండి. 12వ ఫ్రెట్ దగ్గర నొక్కి మీటిన స్వరమూ, అక్కడే వేలు తాకించి తీసిన హార్మోనిక్కూ ఒకే శ్రుతిలో ఉన్నాయో లేదో ప్రతి తీగ మీదా చూడండి. కేబుల్‌ని ప్లగ్ దగ్గర కొద్దిగా అటూ ఇటూ కదిపి, చిటపటలు వస్తున్నాయేమో వినండి.

తర్వాత యాంప్‌ని క్లీన్ చానల్‌లో పెట్టి, బేస్, మిడ్, ట్రెబుల్ నాబ్‌లను మధ్యలో ఉంచి, మీరు తరచుగా వాయించే రెండు పాటలను ఫోన్‌లో రికార్డు చేయండి. వెంటనే వినకండి, మర్నాడు తీరికగా వినండి. ఏం కొరవడిందో మామూలు మాటల్లోనే రాసుకోండి. "లీడ్ వాయించేటప్పుడు స్వరం వెంటనే చచ్చిపోతోంది", "చరణంలో చార్డ్స్ పలచగా ఉన్నాయి", "బిట్ వచ్చేసరికి గిటార్ కీబోర్డు కింద మునిగిపోతోంది": ఇలాంటి వాక్యాలు చాలు.

ఆ వాక్యాలే మీ కొనుగోలు పట్టీ. మొదటి లోటును కంప్రెసర్ గానీ ఓవర్‌డ్రైవ్ గానీ తీరుస్తుంది. రెండోదానికి కోరస్ లేదా డిలే, మూడోదానికి బూస్ట్ లేదా ఈక్వలైజర్ కావాలి (ఏది ఏం చేస్తుందో నాలుగో అంచెలో చెబుతాను). చాలామంది మూడో లోటు ఉండగా మొదటిదానికి తగిన పెడల్ కొని నిరాశపడుతుంటారు.

సరిచూసుకోవలసినవి:

- తీగలు కొత్తవేనా, శ్రుతి నిలుస్తోందా?
- గిటార్ వాల్యూమ్ నాబ్ తిప్పితే గరగరమంటోందా?
- పికప్‌లు సింగిల్ కాయిలా, హంబకరా? సింగిల్ కాయిల్‌కి హమ్ ఎక్కువ కాబట్టి డిస్టార్షన్ పెంచితే ఆ హమ్ కూడా పెరుగుతుంది.
- ఏం కొరవడిందో కనీసం మూడు వాక్యాలు రాసుకున్నారా?

## 2. మీ కేబుల్ చివర ఏముందో తేల్చుకోండి

అన్నిటికన్నా ముఖ్యమైన అంచె ఇదే, తక్కువమంది ఆలోచించేదీ ఇదే. మన ఊళ్లలో చర్చి ఆరాధనలోనైనా, పెళ్లి రిసెప్షన్ ఆర్కెస్ట్రాలోనైనా వేదిక మీద గిటార్ యాంప్ దొరకడం తక్కువ. గిటార్ కేబుల్ తిన్నగా మిక్సర్‌కి వెళ్తుంది. పెడల్ గురించి ఇంటర్నెట్‌లో మీరు చూసే వీడియోల్లో మాత్రం యాంప్ ఉంటుంది, దాని ముందు మైకు ఉంటుంది.

ఈ తేడా ఎందుకు పెద్దదంటే, గిటార్ యాంప్‌లోని స్పీకర్ సుమారు 5 కిలోహెర్ట్జ్ దాటిన పౌనఃపున్యాలను బాగా తగ్గించేస్తుంది. డిస్టార్షన్ పెడల్ ఆ పైభాగంలో పుట్టించే కరకుదనాన్ని ఆ స్పీకరే వడకట్టేస్తుంది. పీఏ స్పీకర్లలోని (హాలంతటికీ వినిపించే పెద్ద స్పీకర్లు) హారన్లు అలా వడకట్టవు, ఉన్నదంతా వినిపిస్తాయి. నేను మొదటిసారి డిస్టార్షన్ పెడల్‌ని తిన్నగా మిక్సర్‌కి కలిపి వాయించిన ఆదివారం నాకింకా గుర్తుంది. ఇంట్లో చిన్న యాంప్ మీద అందంగా పలికిన అదే సెట్టింగు, అక్కడ కందిరీగల తుట్టె కదిపినట్టు మోగింది. పల్లవి సగంలో ఉండగా పెడల్ కట్టేసి, మిగతా పాటంతా క్లీన్‌గానే వాయించాను. పెడల్ మంచిదే. దాని తర్వాత క్యాబినెట్ సిమ్యులేటర్, అంటే యాంప్ స్పీకర్‌లా ఆ కరకుదనాన్ని వడకట్టే పరికరం, లేకపోవడమే లోపం.

మరో సంగతి ఇంపీడెన్సు, అంటే సిగ్నల్‌కి ఎదురయ్యే నిరోధం. ప్రీయాంప్ లేని గిటార్ పికప్‌కి ఎదురుగా సుమారు 1 మెగాఓం ఇన్‌పుట్ ఉంటే స్వరం పూర్తిగా విచ్చుకుంటుంది. మిక్సర్ లైన్ ఇన్‌పుట్ సాధారణంగా 10 కిలోఓంల దగ్గర ఉంటుంది. నేరుగా దానికి కలిపితే ట్రెబుల్ చచ్చిపోయి, దుప్పటి కప్పినట్టు వినిపిస్తుంది. మధ్యలో బఫర్ (పికప్ మీద భారం పడకుండా సిగ్నల్‌ని ముందుకు పంపే చిన్న సర్క్యూట్) ఉన్న పెడల్ ఒక్కటున్నా, యాక్టివ్ డీఐ బాక్సు (గిటార్‌ని మిక్సర్‌కి సరిపడేలా కలిపే పెట్టె) ఉన్నా ఈ సమస్య తీరుతుంది.

మీ దారి ఈ మూడింటిలో ఏదో తేల్చుకోండి:

- యాంప్‌కి: విడి పెడల్స్ ఏవైనా నిశ్చింతగా ఎంచుకోవచ్చు. యాంప్ వెనక ఎఫెక్ట్స్ లూప్ (యాంప్ డిస్టార్షన్ తర్వాత పెడల్స్ కలపడానికి ఉండే సెండ్, రిటర్న్ జాక్‌లు) ఉందో లేదో మాత్రం చూసుకోండి.
- మిక్సర్‌కి: క్యాబినెట్ సిమ్యులేటర్ పెడల్‌కి ముందే డబ్బు పక్కన పెట్టండి, లేదా అది లోపలే ఉన్న మల్టీ ఎఫెక్ట్స్ యూనిట్ తీసుకోండి.
- ఇంట్లో హెడ్‌ఫోన్‌కి: హెడ్‌ఫోన్ జాక్ ఉన్న మల్టీ ఎఫెక్ట్స్, లేదా ఆడియో ఇంటర్‌ఫేసూ కంప్యూటరూ చాలు. విడి పెడల్స్‌కి తొందరపడనక్కరలేదు.

## 3. పాటల పట్టీ రాయండి

వచ్చే ఆరు నెలల్లో మీరు నిజంగా వాయించబోయే పదిహేను పాటలు రాయండి. ప్రతి పాట పక్కన గిటార్ చేసే పనీ, దానికి కావలసిన ఎఫెక్టూ రాయండి. ఐదారు పాటల్లో వచ్చే ఎఫెక్టుకి పెడల్ కొనవచ్చు. ఒకే ఒక్క పాటలో వచ్చేదానికి కొనవద్దు. ఈ లెక్క వేసిన నా విద్యార్థుల్లో ఎక్కువమందికి ఫేజర్, ఫ్లాంజర్ పట్టీలోంచి వాటంతటవే జారిపోయాయి. ఓవర్‌డ్రైవ్, డిలే మిగిలాయి.

## 4. ఏ పెడల్ ఏ పని చేస్తుంది

ట్యూనర్. శ్రుతి చూసుకునేటప్పుడు శబ్దాన్ని మ్యూట్ చేస్తుంది. పాటకీ పాటకీ మధ్య అందరూ వినేలా తీగలు బిగించుకునే ఇబ్బంది దీనితో తప్పుతుంది.

ఓవర్‌డ్రైవ్, డిస్టార్షన్, ఫజ్. మూడూ స్వరపు తరంగం కొసలను కోసి పదును తెచ్చేవే. ఎంతగా కోస్తాయి, ఏ భాగాన్ని నొక్కి చూపుతాయి అన్నదే తేడా. ఎంపికలో ఎక్కువ పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ఐబనెజ్ ట్యూబ్ స్క్రీమర్ తరహా ఓవర్‌డ్రైవ్‌లో డయోడ్లు ఆప్‌యాంప్ ఫీడ్‌బ్యాక్ దారిలో ఉంటాయి. అందువల్ల కోత మెత్తగా ఉంటుంది, మునివేళ్ల ఒత్తిడి స్వరంలో తెలుస్తుంది. సుమారు 720 హెర్ట్జ్ కింద ఉన్న బేస్‌ని ఇది తగ్గించి, మిడ్‌ని పైకి తెస్తుంది. ఒంటరిగా వింటే కాస్త ముక్కుతో పాడినట్టు అనిపించే ఆ మిడ్డే బేస్ గిటార్, తబలా, కీబోర్డు మధ్య నుంచి మీ లీడ్‌ని పైకి లాగుతుంది.

బాస్ (Boss) కంపెనీ డీఎస్-1, ప్రోకో ర్యాట్ తరహా డిస్టార్షన్‌లో డయోడ్లు సిగ్నల్‌ని నేరుగా గ్రౌండ్‌కి కోసేస్తాయి. కోత గట్టిగా ఉంటుంది, స్వరం ఎక్కువసేపు నిలుస్తుంది. ర్యాట్ మీదుండే ఫిల్టర్ నాబ్ మామూలు టోన్ నాబ్‌కి తిరగబడి పనిచేస్తుంది. కుడివైపు తిప్పేకొద్దీ ట్రెబుల్ తగ్గుతుంది. ఇది తెలియక పెడల్ పాడైందనుకున్నవాళ్లున్నారు.

బిగ్ మఫ్ తరహా పెడల్ మిడ్‌ని లోపలికి నొక్కేస్తుంది. గదిలో ఒంటరిగా వింటే గోడలు కదిలేంత గొప్పగా ఉంటుంది. బ్యాండ్‌తో కలిసినప్పుడు ఎక్కడున్నదీ తెలియకుండా పోతుంది. దాన్ని వాడవద్దని అనను. అయితే తొలి పెడల్‌గా మాత్రం వద్దని చెబుతాను.

మన పాటల్లో గిటార్ ఎక్కువగా పూర్తి చార్డ్స్ వాయిస్తుంది. ఆరు తీగలూ కలిసి మోగే జీ మేజర్ చార్డ్‌కి డిస్టార్షన్ ఎక్కువైతే లోపలి స్వరాలు ఒకదానితో ఒకటి కలబడి ముద్దవుతాయి. కాబట్టి రిథమ్‌కి గెయిన్ (కోత మోతాదు) తక్కువున్న ఓవర్‌డ్రైవ్ తీసుకోండి. రెండు మూడు తీగల పవర్ చార్డ్సే ఎక్కువ వాయించేవాళ్లకే డిస్టార్షన్ తొలి ఎంపిక కావాలి.

డిలే. వాయించినదాన్ని కొంత ఆగి మళ్లీ వినిపిస్తుంది. ట్యాప్ టెంపో (పాట వేగానికి కాలితో తట్టి సరిపెట్టే సదుపాయం) ఉన్నదే తీసుకోండి. లేనిదాన్ని పాట నడుమ తాళానికి సరిపెట్టడం చాలా కష్టం.

రివర్బ్. గది, హాలు గుణాన్ని కలుపుతుంది. మన ఫంక్షన్ హాళ్లు, చర్చి భవనాలు చాలావరకు సిమెంటు గోడలు, నాపరాళ్ల నేలలతో ఉండి తామే మోగుతుంటాయి కాబట్టి, ఇంట్లో పెట్టుకున్న మోతాదులో సగం కన్నా తక్కువే అక్కడ సరిపోతుంది. దీన్ని ఆఖరున కొన్నా నష్టం లేదు.

కంప్రెసర్. గట్టి మీటునూ మెల్లని మీటునూ దగ్గరికి తెస్తుంది. క్లీన్‌గా ఒక్కో తీగ మీటే అర్పెజియోలకు బాగుంటుంది. డిస్టార్షన్ తనంతట తానే కంప్రెస్ చేస్తుంది కాబట్టి ఎప్పుడూ డిస్టార్షన్‌లోనే వాయించేవాళ్లకు దీని అవసరం తక్కువ.

ఈక్వలైజర్. బేస్ నుంచి ట్రెబుల్ దాకా ఒక్కో భాగాన్ని (బ్యాండ్) విడిగా పెంచే, తగ్గించే పెడల్. బాస్ జీఈ-7 తరహాలో ఏడు బ్యాండ్లు ఉన్నది చాలు. ఎవరూ మోజుపడని ఈ పెడల్ నిజానికి చాలా సమస్యలు తీరుస్తుంది. 800 హెర్ట్జ్ దగ్గర కొద్దిగా పెంచి, లెవెల్ కాస్త ఎత్తితే అదే మీ లీడ్ బూస్ట్.

కోరస్, ఫేజర్, ట్రెమొలో, వా. స్వరాన్ని రకరకాలుగా అలల్లా కదిలించేవి. పాటల పట్టీ అడిగితేనే కొనండి.

## 5. కొనే వరుస

1. ట్యూనర్
2. మంచి పవర్ సప్లై
3. ఓవర్‌డ్రైవ్ లేదా డిస్టార్షన్, ఏదో ఒకటి
4. మిక్సర్‌కి వాయించేవాళ్లైతే క్యాబినెట్ సిమ్యులేటర్
5. ట్యాప్ టెంపో ఉన్న డిలే
6. ఆ తర్వాత ఈక్వలైజర్, రివర్బ్, కోరస్, పాటలు అడిగినవి

పవర్ సప్లైని రెండో స్థానంలో పెట్టడం చాలామందికి నచ్చదు. పెడల్స్ అన్నీ కొన్నాక మిగిలిన డబ్బుతో దొరికిన అడాప్టర్ తెచ్చి, ఆపైన హమ్‌తో నెలల తరబడి పోరాడేవాళ్లను చూశాక నేను ఈ వరుసకే కట్టుబడ్డాను. ఒక పెడల్ కొన్నాక కనీసం నెల రోజులు దానితోనే వాయించి, అప్పుడు రెండోదాని గురించి ఆలోచించండి.

ఎప్పుడూ మిక్సర్‌కే వాయిస్తూ, పట్టీలో నాలుగు కన్నా ఎక్కువ ఎఫెక్టులు తేలినవాళ్లు మల్టీ ఎఫెక్ట్స్ యూనిట్ తీసుకోవడమే మేలు. మోసుకెళ్లడం తేలిక, క్యాబినెట్ సిమ్యులేషన్ లోపలే ఉంటుంది, ఒక్క అడాప్టర్‌తో పని జరుగుతుంది. దానిలోనే వాయిస్తూ ఏ ఎఫెక్టు నిజంగా వాడుతున్నారో గమనించి, తర్వాత ఆ ఒక్కదానికి విడి పెడల్ తెచ్చుకోవచ్చు.

## 6. కరెంటు: పెడల్స్ ఎక్కువగా చనిపోయేది ఇక్కడే

నేటి పెడల్స్‌లో అత్యధికం 9 వోల్టుల డీసీ మీద, ప్లగ్ లోపలి భాగం నెగెటివ్‌గా, పనిచేస్తాయి. పెడల్ మీద సాకెట్ పక్కన ఉండే చిన్న బొమ్మలో మధ్య చుక్క నెగెటివ్ గుర్తుకి కలిసి ఉంటే సెంటర్ నెగెటివ్ అని అర్థం.

మన ఇళ్లలో వైఫై రౌటర్లు, సెట్‌టాప్ బాక్సుల అడాప్టర్లు చాలావరకు 12 వోల్టులవి, పైగా సెంటర్ పాజిటివ్. వాటి ప్లగ్ పెడల్ సాకెట్‌లో చక్కగా దూరుతుంది. దూరింది కదా అని నమ్మడమే ప్రమాదం. ఒక సాయంత్రం రిహార్సల్‌కి ఆలస్యమవుతోందని నేను సెట్‌టాప్ బాక్సు అడాప్టర్‌ని నా ఓవర్‌డ్రైవ్‌కి పెట్టాను. ఎర్ర దీపం వెలగలేదు. రెండు మూడు క్షణాల్లో కాలిన వార్నిష్ వాసన వచ్చింది. వెనక మూత విప్పితే సాకెట్ పక్కనున్న రక్షణ డయోడ్ నల్లగా మాడి, దాని కింద బోర్డు గోధుమ రంగుకి తిరిగి ఉంది. ఆ డయోడ్ తాను కాలి మిగతా సర్క్యూట్‌ని కాపాడింది కాబట్టి చిన్న ఖర్చుతో బాగైంది. అన్ని పెడల్స్‌లో ఆ రక్షణ ఉండదు.

అడాప్టర్ పెట్టే ముందు ఈ నాలుగూ చదవండి:

- వోల్టేజీ: పెడల్ అడిగినంతే ఉండాలి. 9 వోల్టులకే చేసినదానికి 12 గానీ 18 గానీ ఇవ్వవద్దు.
- పొలారిటీ: రెండింటి మీద బొమ్మలూ ఒకేలా ఉండాలి.
- ఏసీయా, డీసీయా: కొన్ని పాత పెడల్స్‌కి 9 వోల్టుల ఏసీ కావాలి. ఆ అడాప్టర్‌ని డీసీ పెడల్‌కి పెట్టకూడదు.
- మిల్లీఆంపియర్లు: అడాప్టర్ ఇవ్వగలిగినది పెడల్స్ అడిగే మొత్తం కన్నా ఎక్కువ ఉండాలి. ఎక్కువ ఉంటే నష్టం లేదు, పెడల్ తనకు కావలసినంతే తీసుకుంటుంది.

ఒక లెక్క చూడండి. బాస్ కంపెనీ ఇచ్చే వివరాల ప్రకారం డీఎస్-1 డిస్టార్షన్‌కి 4 మిల్లీఆంపియర్లు చాలు. టీయూ-3 ట్యూనర్‌కి మామూలు వెలుగులో 30, డీడీ-8 డిలేకి 65, ఆర్‌వీ-6 రివర్బ్‌కి 95 కావాలి. మొత్తం 194. పైన మూడో వంతు వెసులుబాటు వదిలితే సుమారు 260 అవుతుంది. అనలాగ్ పెడల్ బ్యాటరీ మీద చాలా గంటలు నడుస్తుంది, డిజిటల్ పెడల్ కొద్ది గంటల్లోనే బ్యాటరీని తినేస్తుంది అన్నది కూడా ఈ అంకెల్లోనే కనిపిస్తుంది.

రెండు మూడు అనలాగ్ పెడల్స్‌కి డైజీ చెయిన్ వైరు (ఒకే అడాప్టర్ నుంచి పలు పెడల్స్‌కి కరెంటు పంచే వైరు) సరిపోతుంది. డిలే, రివర్బ్ లాంటి డిజిటల్ పెడల్స్‌ని అదే వైరుకి తగిలిస్తే వాటి లోపలి క్లాక్ శబ్దం డిస్టార్షన్‌లోకి చేరి సన్నని ఈలలా వినిపించవచ్చు. అప్పుడు ప్రతి అవుట్‌పుట్ విడిగా ఉండే ఐసొలేటెడ్ సప్లై తీసుకోండి. పాజిటివ్ గ్రౌండ్‌తో చేసిన పాత తరహా జెర్మేనియం ఫజ్ పెడల్స్‌ని ఎప్పుడూ ఇతరులతో కలిపి డైజీ చెయిన్‌కి పెట్టవద్దు, షార్ట్ అవుతుంది.

అమెరికా నుంచి బంధువులు పెడల్ తెచ్చినప్పుడు దానితో వచ్చే అడాప్టర్ మీద 100-240 వోల్టులు అని ఉందో లేదో చూడండి. 120 అని మాత్రమే ఉంటే మన 230 వోల్టుల సాకెట్‌లో పెట్టకండి. పెడల్‌కి వచ్చే ఇబ్బందేమీ లేదు, ఇక్కడి 9 వోల్టుల అడాప్టర్ సరిపోతుంది.

ఎర్తింగ్ గురించి ఒక్కమాట గట్టిగా చెప్పాలి. హమ్ తగ్గుతుందని యాంప్ ప్లగ్ ఎర్త్ పిన్ విరిచేయడం, రెండు పిన్నుల ఎక్స్‌టెన్షన్ బాక్సుకి తగిలించడం ప్రాణాంతకం. చేతిలో గిటార్ తీగలు, పెదవుల దగ్గర మైకు ఉన్నప్పుడు షాక్ కొట్టే దారి మీ శరీరమే అవుతుంది. వేదిక సాకెట్‌లో ఎర్త్ లేదని తెలిస్తే ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి బాగు చేయించాకే వాయించండి.

## 7. దుకాణంలో పరీక్షించే విధానం

1. మీ గిటార్, మీ కేబుల్ తీసుకెళ్లండి.
2. మీ ఇంట్లో ఉన్నలాంటి యాంప్ అడగండి. మిక్సర్‌కి వాయించేవాళ్లు మిక్సర్‌కే కలిపించుకోండి.
3. నాబ్‌లన్నీ నిలువుగా, గడియారంలో 12 గంటల దగ్గర పెట్టండి.
4. పెడల్ ఆన్‌లో, ఆఫ్‌లో ఒకే ఎత్తున వినిపించేలా లెవెల్ నాబ్ సరిచేయండి. ఈ పని చేయకుండా పోల్చవద్దు. ఏది గట్టిగా మోగితే అదే బాగుందనిపించడం చెవికి సహజం.
5. గిటార్ వాల్యూమ్‌ని సగానికి తగ్గించండి. మంచి ఓవర్‌డ్రైవ్ అయితే స్వరం శుభ్రపడుతుంది.
6. మూడో తీగ 12వ ఫ్రెట్ మీద ఒక్క స్వరం మీటి, పూర్తిగా ఆగేదాకా కదలకుండా వినండి. మెల్లగా తగ్గుతూ పోవాలి. చివర్లో తెగితెగి ఉమ్మినట్టు ఆగితే, ఫజ్ కాని పెడల్‌లో అది లోపమే.
7. తీగల మీద చెయ్యి పెట్టి, వాయించకుండా పెడల్ ఆన్ చేసి పది క్షణాలు వినండి. ఎంత సొద ఉందో తెలుస్తుంది.
8. చివరగా మీ పట్టీలోని పాటలే వాయించండి.

సెకండ్ హ్యాండ్ పెడల్ అయితే మరికొన్ని చూడాలి. నాబ్‌లు తిప్పితే గరగరమంటున్నాయా, జాక్‌లు వదులయ్యాయా, ఫుట్‌స్విచ్ ఇరవైసార్లు నొక్కితే ఇరవైసార్లూ పలుకుతోందా అన్నవి మొదట చూడండి. బ్యాటరీ గది మూత తీసి, తెల్లని లేదా పచ్చని పొడి పేరుకుని ఉందేమో చూడండి. ఉంటే బ్యాటరీ కారినట్టు. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీరప్రాంతాల్లో వాడిన పెడల్ అయితే స్క్రూల తుప్పు చూస్తేనే లోపలి సంగతి సగం తెలిసిపోతుంది.

## 8. కలిపే వరుస

గిటార్ నుంచి మొదలుపెట్టి ఈ వరుసలో కలపండి:

ట్యూనర్ → వా → కంప్రెసర్ → ఓవర్‌డ్రైవ్ → డిస్టార్షన్ → ఈక్వలైజర్ → కోరస్ లేదా ఫేజర్ → డిలే → రివర్బ్ → క్యాబినెట్ సిమ్యులేటర్ → మిక్సర్

ఇందులోని తర్కం సులువు. డిలేని డిస్టార్షన్‌కి ముందు పెడితే, ప్రతిధ్వనులు కూడా కొత్తగా మీటిన స్వరంతో కలిసి కోతకు గురై ముద్దవుతాయి. ముందు స్వరాన్ని తయారుచేసి, ఆ తర్వాత దాన్ని ప్రతిధ్వనింపజేయాలి.

రెండు మినహాయింపులు గుర్తుంచుకోండి. ఫజ్ ఫేస్ తరహా పెడల్‌కి గిటార్ పికప్ నేరుగా కనిపించాలి. ముందు బఫర్ ఉంటే స్వరం గరుకెక్కి, గిటార్ వాల్యూమ్ తగ్గించినా శుభ్రపడదు. కాబట్టి బఫర్ ఉన్న ట్యూనర్ కన్నా ముందు దాన్ని పెట్టండి. ఇక యాంప్ డిస్టార్షన్‌నే వాడేవాళ్లు డిలే, రివర్బ్‌లను ఎఫెక్ట్స్ లూప్‌లో పెట్టాలి. సెండ్ నుంచి పెడల్ ఇన్‌పుట్‌కి, పెడల్ అవుట్‌పుట్ నుంచి రిటర్న్‌కి కలపండి.

ట్రూ బైపాస్ (ఆఫ్‌లో ఉన్నప్పుడు సిగ్నల్‌ని సర్క్యూట్ తాకకుండా నేరుగా దాటించే పద్ధతి) మంచిదా, బఫర్ మంచిదా అని పెద్ద వాదనే నడుస్తుంటుంది. కేబుల్‌కి మీటరుకి సుమారు 100 పికోఫారడ్‌ల కెపాసిటెన్సు ఉంటుంది. గిటార్ నుంచి బోర్డుకి 6 మీటర్లు, బోర్డు నుంచి మిక్సర్‌కి మరో 6 మీటర్లు ఉండి, అన్నీ ట్రూ బైపాస్ పెడల్సే అయితే ఆ 12 మీటర్ల భారమూ పికప్ మీదే పడి ట్రెబుల్ తగ్గుతుంది. బోర్డులో ఒక్క బఫర్ పెడల్ ఉంటే ఆ భారం సగానికి దిగుతుంది. అందుకే నా సలహా ఎప్పుడూ ఒకటే: తొలి ట్యూనర్ బఫర్ ఉన్నదే కొనండి, ఈ వాదన అక్కడితో తీరిపోతుంది.

## 9. డిలేని తాళానికి కట్టడం

60,000ని పాట వేగంతో, అంటే నిమిషానికి ఎన్ని బీట్లో ఆ అంకెతో భాగిస్తే ఒక బీటు ఎన్ని మిల్లీసెకన్లో వస్తుంది. నిమిషానికి 120 బీట్లైతే 500. గిటారిస్టులు ఎక్కువగా వాడే డాటెడ్ ఎయిత్ కావాలంటే దాన్ని 0.75తో గుణించాలి, 375 వస్తుంది.

అయితే మన జానపదాల్లో, భక్తిపాటల్లో తిశ్ర నడక చాలా ఎక్కువ. సిక్స్-ఎయిట్ అని పిలుచుకునే ఈ పాటల్లో డాటెడ్ ఎయిత్ పెడితే ప్రతిధ్వని డోలు దెబ్బల మధ్య అడ్డంగా పడి లయ చెడిపోతుంది. ఇక్కడ బీటులో మూడో వంతు గానీ, మూడింట రెండు వంతులు గానీ పెట్టాలి. నిమిషానికి 90 పెద్ద బీట్లున్న పాటలో ఒక బీటు సుమారు 667 మిల్లీసెకన్లు. డిలే 222 లేదా 444 దగ్గర ఉంచితే ప్రతిధ్వని నడకలో కలిసిపోతుంది. ఇంగ్లీషు పాఠాల్లో నేర్చుకున్న 0.75 లెక్కను ఆ పాటలకు వాడి, డిలే పెడల్‌నే తప్పుపట్టిన గిటారిస్టులు నాకు చాలామంది తారసపడ్డారు.

## 10. తరచుగా వచ్చే ఇబ్బందులు, సరిచేసే పద్ధతి

ఇంట్లో బాగున్న టోన్ వేదిక మీద కనిపించడం లేదు. తక్కువ శబ్దంలో చెవికి బేస్, ట్రెబుల్ తక్కువగా వినిపిస్తాయి కాబట్టి ఇంట్లో వాటిని పెంచేసి మిడ్ తగ్గిస్తాం. వేదిక మీద బేస్‌ని బేస్ గిటార్, ట్రెబుల్‌ని సింబల్స్ ఆక్రమిస్తాయి, గిటార్‌కి చోటు మిగలదు. బేస్, గెయిన్ తగ్గించి, మిడ్ పెంచండి.

పెడల్ నొక్కితే శబ్దం పడిపోతోంది. లెవెల్ నాబ్ తక్కువగా ఉంది. రిథమ్ పెడల్‌ని ఆన్-ఆఫ్ సమానంగా, లీడ్ పెడల్‌ని కాస్త ఎత్తుగా పెట్టండి.

బుస్సుమనే సొద ఎక్కువగా ఉంది. పెడల్స్ అన్నీ తీసేసి గిటార్ ఒక్కటే కలపండి. సొద లేకపోతే ఒక్కొక్క పెడల్‌నూ చేరుస్తూ పోండి. ఏది చేరినప్పుడు మొదలైందో ఆ పెడల్, దాని ప్యాచ్ కేబుల్, దాని కరెంటు వైరు అనుమానితులు. ముందు ప్యాచ్ కేబుల్ మార్చి చూడండి, చాలాసార్లు దోషం అక్కడే దొరుకుతుంది.

కరెంటు పోయి ఇన్వర్టర్ మీదికి మారగానే గుర్రుమంటోంది. ఇన్వర్టర్ సైన్ వేవ్ ఇవ్వనిదైతే ఆ శబ్దం తప్పదు. ట్యూబ్‌లైట్ల, లైట్ డిమ్మర్ల, ఫ్యాన్ రెగ్యులేటర్ల దగ్గర కూడా సింగిల్ కాయిల్ పికప్ ఇలాగే గుర్రుమంటుంది. నిలబడే దిశ మార్చి చూడండి, కొంత తగ్గుతుంది.

బ్యాటరీ ఊరికే అయిపోతోంది. పెడల్ ఆఫ్‌లో ఉన్నా ఇన్‌పుట్ జాక్‌లో ప్లగ్ ఉన్నంతసేపూ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. వాయించడం అయ్యాక ప్లగ్ తీసేయండి.

వాల్యూమ్ పెడల్ పెట్టాక ట్రెబుల్ పోయింది. గిటార్ వెంటనే పెట్టేదానికి 250 కిలోఓంల పెడల్, బఫర్ తర్వాత పెట్టేదానికి 25 కిలోఓంల పెడల్ కావాలి. మీది ఏదో చూసి, దాని చోట దాన్ని పెట్టండి.

## 11. బోర్డు కట్టి, సెట్టింగులు భద్రపరచడం

పెడల్స్‌ని ముందు నేల మీద పరిచి, వారం రోజులు అలాగే వాయించండి. పాట మధ్యలో ఎక్కువగా నొక్కేవి ముందు వరసలోకి, ఎప్పుడూ ఆన్‌లో ఉండేవి వెనక వరసలోకి జరపండి. చెప్పు వేసుకుని నొక్కినప్పుడు పక్క పెడల్ కూడా నొక్కుకుంటే మధ్య ఖాళీ పెంచండి. ఆ తర్వాతే వెల్‌క్రో అంటించండి. కరెంటు వైర్లు ఒక పక్కగా, సిగ్నల్ వైర్లు మరో పక్కగా నడిపించండి. దాటక తప్పని చోట అడ్డంగా దాటించండి.

వేదికకి బయలుదేరే ముందు:

- నాబ్‌ల స్థానాలు కనిపించేలా ఫోన్‌లో ఫోటో తీసుకున్నారా?
- పాటకు తగ్గట్టు మార్చే నాబ్‌ల పక్కన సన్నని మాస్కింగ్ టేపు మీద గీత పెట్టారా?
- అదనంగా ఒక ప్యాచ్ కేబుల్, ఒక పొడవాటి కేబుల్, ఒక 9 వోల్టుల బ్యాటరీ సంచిలో ఉన్నాయా?
- మూడు పిన్నుల ఎక్స్‌టెన్షన్ బాక్సు ఉందా?
- బోర్డు మొత్తం మొరాయిస్తే గిటార్‌ని నేరుగా కలపడానికి డీఐ బాక్సు ఎక్కడుందో సౌండ్ ఇంజినీర్‌ని అడిగారా?

సౌండ్ చెక్‌లో మొదట క్లీన్ సెట్టింగు, తర్వాత మీరు వాడేవాటిలో అన్నిటికన్నా గట్టిగా మోగే లీడ్ సెట్టింగు వాయించి వినిపించండి. ఈ రెండు ఎత్తులూ తెలిస్తే సౌండ్ ఇంజినీర్ మీ చానల్‌ని పాట మధ్యలో తగ్గించాల్సిన అవసరం రాదు.